కాళ్ళకి సులువు, బుర్రకి కష్టం

మా ఆయన సర్వేయరు. భూమిలో గ్యాసు ఎక్కడుందో వెతికే ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవారు. ఆఫీసు రాజమండ్రిలో ఉన్నా పని మాత్రం కోనసీమ పొలాల్లోనూ, నరసాపురం వైపు ఉప్పు నేలల్లోనూ ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక శనివారం సాయంత్రం అరచేతిలో పట్టే పసుపురంగు మిషను ఒకటి ఇంటికి తెచ్చారు. కంపెనీ కొత్తవి కొనుక్కుని పాతవాటిని స్టాఫుకి ఇచ్చేసిందట. జీపీఎస్ అంటే ఏమిటో అప్పటికి మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆయన పెరట్లో నిలబడి, పిల్లలిద్దరినీ పిలిచి, "మనం భూమ్మీద సరిగ్గా ఎక్కడున్నామో ఇది చెబుతుంది" అన్నారు.

మా అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మన పెరట్లో ఉన్నామని నాకు తెలుసుగా నాన్నా" అన్నాడు. వాడికప్పుడు ఆరేళ్ళు. అమ్మాయికి తొమ్మిది.

జియోకాచింగ్ అనే ఆట ఒకటుందని ఆయనకి ఆ మిషను వల్లే తెలిసింది. నెట్ సెంటర్‌లో కూర్చుని చదివి వచ్చి మాకు చెప్పారు. ఎవరో ఒకరు ఎక్కడో ఒక చిన్న పెట్టె దాచి, ఆ చోటు తాలూకు అంకెల్ని ఒక వెబ్‌సైటులో పెడతారు. మిషను పట్టుకుని మిగతావాళ్ళు వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, ఒక బొమ్మో బిళ్ళో తీసుకుని, తమది ఒకటి అందులో వేసి, పెట్టెని మళ్ళీ అక్కడే దాచేస్తారు. విదేశాల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలు కుటుంబాలే ఆదివారాలు ఈ పని మీద తిరుగుతాయట. మన వైపు ఒక్క పెట్టె కూడా లేదు. "మనమే దాద్దాం" అన్నారు.

ఆ వెబ్‌సైటులో పెట్టె పెట్టినవాళ్ళు దానికి రెండు రకాల నక్షత్రాలు ఇవ్వాలి. వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పేవి ఒక రకం, అక్కడికి చేరుకోవడం ఎంత కష్టమో చెప్పేవి ఇంకో రకం. మా అమ్మాయికి అర్థం కాకపోతే ఆయన తన తల మీద వేలు పెట్టి, "ఇది బుర్రకి" అన్నారు. తరవాత మోకాలి మీద తట్టి, "ఇది కాళ్ళకి" అన్నారు. మా ఇంట్లో తరవాత పదేళ్ళ పాటు ఆ రెండు మాటలే వాడుకలో ఉండిపోయాయి.

మొదటి పెట్టె కోరుకొండ మీద పెట్టారు. పై దాకా వెళ్ళే నిలువు మెట్ల పక్కన, బండల సందులో. ఆయనొక్కరే ముందుగా వెళ్ళి దాచి వచ్చి, ఆ ఆదివారం మమ్మల్ని బస్సులో తీసుకెళ్ళారు. అమ్మాయి మిషను పట్టుకుని లేడిపిల్లలా ఎక్కేసింది. అబ్బాయి కొంత దూరం ఎక్కి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని ఒక్కో మెట్టూ తనని తాను పైకి తోసుకుంటున్నాడు. సగం దూరంలో కూర్చుండిపోయాడు.

"రారా, బద్ధకం! అక్క చూడు ఎక్కడికి వెళ్ళిపోయిందో" అని పైనుంచి ఆయన కేకేశారు.

"కాళ్ళు రావట్లేదు నాన్నా" అన్నాడు వాడు.

ఎండకి అలిసిపోయాడనుకుని నేను వాడి పక్కన కూర్చున్నాను. పైనుంచి అమ్మాయి "దొరికింది, దొరికింది" అని అరిచింది. వాడు ఏడ్చాడు. తిరిగి వస్తూ బస్సులో నేను ఆయనతో గొడవపడ్డాను.

"చిన్నపిల్లలున్నారని గుర్తుండొద్దా అండి? ఆడుకోడానికా, తపస్సు చేయడానికా అక్కడ పెట్టారు?"

"చెయ్యి చాపగానే దొరికితే దాన్ని వెతకడం అంటారా? కొంచెం కష్టపడితేనే కదా దొరికినందుకు సంతోషం."

"కొంచెం అంటే ఎంత?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అబ్బాయి నా ఒళ్ళో నిద్రపోతున్నాడు. వాడి పిక్కలు వయసుకి మించి గట్టిగా, ఉండల్లా ఉండేవి. చూసినవాళ్ళంతా "వీడు పెద్దయ్యాక మంచి ఆటగాడవుతాడండి" అనేవారు. నాకు గర్వంగా ఉండేది.

ఆ పిక్కల్ని చూసే కాకినాడలో పిల్లల డాక్టరుగారు మాట్లాడటం ఆపేశారు. అది మరుసటి సంవత్సరం. బడిలో ఊరికే పడిపోతున్నాడని టీచరుగారు చెబితే వెళ్ళాం. వాణ్ణి నేల మీద కూర్చోబెట్టి లేవమన్నారు. వాడు ముందు నేల మీద రెండు చేతులూ ఆన్చి, తరవాత మోకాళ్ళ మీద, ఆ పైన తొడల మీద చేతులు వేసుకుంటూ, తన ఒంటి మీద తనే ఎక్కుతున్నట్టు లేచాడు. రోజూ ఇంట్లో చూస్తూనే ఉన్నాను. అదొక అలవాటనుకున్నాను. డాక్టరుగారు ఇంకోసారి లేవమని అడగలేదు. వెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు.

వెల్లూరులో చెప్పిన దాంట్లో నాకు గుర్తున్నవి కొన్నే. కండరాలు ఒక్కొక్కటిగా బలం పోగొట్టుకునే జబ్బు. మందు లేదు. ఇంకో నాలుగైదేళ్ళు నడుస్తాడు. ఆ తరవాత చక్రాల కుర్చీ. ఆ తరవాత సంగతి నేను అడగలేదు. ఈ జబ్బు ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుందనీ, అమ్మాయికి కూడా పెద్దయ్యాక పరీక్ష చేయిస్తే మంచిదనీ అన్నారు. అమ్మాయి గోడ పక్కన బల్ల మీద కూర్చుని వింటోంది. మా ఆయన నా వైపు చూడలేదు. ఆ రోజుగానీ, తరవాత ఎన్నడుగానీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని. ఎత్తలేదు కాబట్టి అది నాలోనే ఉండిపోయింది.

బయటికి వచ్చే ముందు ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "వాణ్ణి ఆడనివ్వొచ్చాండీ?"

"అలిసిపోయేలా ఆడకూడదు. అలాగని కూర్చోబెట్టకూడదు" అన్నారు అక్కడి పెద్ద డాక్టరు, ఇంగ్లీషులో.

"ఎంతవరకు?"

"అది మీకే తెలియాలి."

రైల్లో ఇంటికి వస్తూ మేమిద్దరం ఆ మాట గురించే ఆలోచిస్తున్నామని నాకు తెలుసు. 

చాలా నెలలు ఆ పసుపు మిషను బీరువాలోంచి బయటికి రాలేదు. చివరికి అబ్బాయే అడిగాడు. "నాన్నా, పెట్టెలాట మర్చిపోయావా?" ఆయన అప్పుడు లేచి వెళ్ళి బ్యాటరీలు కొనుక్కొచ్చారు. ఈసారి అంతా చదునైన చోట్లే. ధవళేశ్వరం దగ్గర కాలవ గట్లు, కడియం వైపు నర్సరీ తోటల దారులు, కాలవ నీటిని ఆపే లాకుల పక్కన చెట్ల కింద. రిక్షా దిగి పది గజాలు నడిస్తే చాలు. మొదట్లో అబ్బాయి సంతోషంగా వచ్చేవాడు. వెతికాడు, దొరికాయి, ఇంకా వెతికాడు, ఇంకా దొరికాయి. అన్నీ దొరికేవి.

ఒక రోజు ధవళేశ్వరం కాలవ గట్టు మీద చిన్న కల్వర్టు దగ్గర ఆగాం. పెట్టె మూత నాకు రోడ్డు మీంచే కనబడింది. అమ్మాయికీ కనబడి ఉంటుంది. అయినా అది అటు తిరిగి, తుమ్మచెట్టు మొదట్లో వెతుకుతున్నట్టు వంగింది. అబ్బాయి కదలకుండా నిలబడ్డాడు.

"అదిగో పెట్టె. అక్కకి కనబడింది. చూడనట్టు యాక్షన్ చేస్తోంది."

"లేదురా, నిజంగా చూళ్ళేదు" అంది అమ్మాయి.

"నువ్వు అబద్ధం చెప్పకు. నాన్నా, నువ్వు కూడా కావాలనే అలా పెట్టావు. నాకొద్దు ఈ ఆట."

మా ఆయన వాడి ముందు గొంతుక్కూర్చున్నారు. "నువ్వు పడిపోతావని కదరా..."

"పడిపోతే లేస్తాను. లేదా నువ్వు లేపు."  ఏడవకూడదని పట్టుదలగా ఉన్నాడు. "నా కాళ్ళు బాలేవు. బుర్ర బానే ఉందిగా? కాళ్ళకి సులువుగా పెట్టు, బుర్రకి కష్టంగా పెట్టు. అంతేగానీ అన్నీ సులువుగా పెట్టేస్తే ఎలా?"

వాడికప్పుడు ఎనిమిది నిండలేదు. మా ఆయన వాణ్ణి ఎత్తుకుని గట్టు మీద కాసేపు అటూ ఇటూ నడిచారు. ఎత్తుకునే వయసు దాటిన పిల్లవాణ్ణి ఎత్తుకున్నారని దారిన పోయే సైకిలు మనిషి వింతగా చూస్తూ వెళ్ళాడు.

ఆ తరవాత పెట్టెల కన్నా చిక్కులు ఎక్కువయ్యాయి. ఆయన ఆఫీసు నుంచి వచ్చి, భోజనం చేసి, లెక్కలూ పొడుపుకథలూ కట్టేవారు. అంకెలు సూటిగా ఇచ్చేవారు కాదు. లాకు తలుపుల మీద ఎన్ని బోల్టులున్నాయి, పంపుల షెడ్డు గోడ మీద ఎన్ని రంగు గీతలున్నాయి, వాటిని దేనితో హెచ్చవేసి దేన్ని తీసేస్తే అసలు అంకె వస్తుంది, ఇలా ఉండేవి. అబ్బాయి నేల మీద బోర్లా పడుకుని గంటలు గంటలు వాటితో కుస్తీ పట్టేవాడు. కొన్ని మూడు వారాలైనా విడేవి కావు. నేను జాలిపడి ఆయన్ని "ఒక్క ముక్క చెప్పెయ్యండి" అంటే, వాడే పక్క గదిలోంచి "అమ్మా, నువ్వు మాట్లాడకు" అని కేకేసేవాడు. వాడికి కోపం వచ్చినప్పుడు నాకు లోపల ఎంతో హాయిగా ఉండేది. కోపం తెచ్చుకునేంత బలం వాడిలో ఉందిగదా అని.

పదో ఏట నడక ఆగిపోయింది. ఒక్క రోజున ఆగలేదు. ముందు వీధి చివరిదాకా, తరవాత వరండాదాకా, తరవాత మంచం నుంచి కుర్చీదాకా. చక్రాల కుర్చీ వచ్చాక ఇంటి గడపలు తీయించి సిమెంటుతో వాలు కట్టించాం. ఆటకి వెళ్ళాలంటే ఇప్పుడు అద్దె కారు కావాలి. కుర్చీని మడిచి వెనక పెట్టాలి. వాణ్ణి ఆయన ఎత్తి కూర్చోబెట్టాలి. మిషను వాడి ఒళ్ళో ఉంటే, వాడు చెప్పిన చోటికి పరిగెత్తేది అమ్మాయి.

అమ్మాయికి అప్పటికి పదమూడు దాటాయి. ఒక ఆదివారం పొద్దున్నే తలుపేసుకుని బయటికి రానంది.

"నేను రాను. ఎప్పుడూ నేనే పరిగెత్తాలి. ముళ్ళల్లో, బురదలో నేనే దిగాలి. అందరూ వాణ్ణే మెచ్చుకుంటారు. నాకు ట్యూషను వర్క్ ఉంది."

"నెమ్మదిగా మాట్లాడవే, వింటాడు" అన్నాను.

"వింటే విననీ. వాడికీ తెలుసు." తలుపు వెనక కుర్చీ జరిపిన చప్పుడైంది. "నాకు ఇష్టమైన ఆట అమ్మా ఇది. కోరుకొండెక్కి నేనే కదా మొదటిది పట్టుకుంది. ఆ తరవాత నాకోసం ఒక్కటి కూడా పెట్టలేదు నాన్న."

 నిజమే చెప్పింది. ఇద్దరు పిల్లల్లో ఒకరి కాళ్ళకి సరిపోయేది ఇంకొకరికి ఆటే కాదు. నేను ఆ మాట ఆయనకి చెప్పాను. ఆయన చేతిలో ఉన్న చిక్కు కాగితం మడిచి పక్కన పెట్టారు. తరవాత "నాకు తెలుసు. ఎలా పెట్టాలో తెలీటం లేదు" అన్నారు.

మొగల్తూరు దాటి సముద్రం ఒడ్డున పెట్టిన పెట్టె సంగతి చెప్పాలి. ఆయన అటు పని మీద వెళ్ళినప్పుడు ఒక సరుగుడు తోటలో దాచి వచ్చారు. తారు రోడ్డు అక్కడిదాకా ఉంది, కుర్చీ వెళ్తుంది. చిక్కు కూడా గట్టిదే కట్టారు. అది విప్పడానికి అబ్బాయికి వేసవి సెలవులు సగం పట్టాయి. అమ్మాయిని బతిమాలి కారెక్కించాం. దారి పొడుగునా అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. 

దిగి చూస్తే తోట లేదు. సరుగుడంతా కొట్టేశారు. ఎక్కడ చూసినా మొదళ్ళు, ఎండిన రెమ్మలు, ట్రాక్టరు చక్రాల జాడలు. దూరంగా సముద్రం హోరు. మా ఆయన మొహం తెల్లబోయింది.

"ఏ చెట్టు కింద పెట్టానో... ఇక్కడ వరస ఉండాలి" అంటూ మొదళ్ళ మధ్య తిరుగుతున్నారు.

అబ్బాయి మిషనులోంచి తలెత్తి చూశాడు. "అయితే అది ఎక్కడుందో నీక్కూడా తెలీదా నాన్నా?"

"తెలీదురా."

"నిజంగా?"

"నిజంగానేరా. ఇందాకటి దాకా తెలుసు. ఇప్పుడు తెలీదు."

వాడు నవ్వాడు. ఎన్నో నెలల తరవాత గట్టిగా, మెడ వెనక్కి వాల్చి నవ్వాడు. "అయితే అందరం వెతుకుదాం. అమ్మా, నువ్వు కూడా దిగు."

మమ్మల్ని తలో వైపుకి పంపించాడు. మిషను చూపించే చోటు సరిగ్గా అదే అడుగు కాదనీ, అటూ ఇటూ జరుగుతుందనీ, చుట్టూ వెతకాల్సిందేననీ అరుస్తున్నాడు. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎండు రెమ్మలు ఎత్తి చూశాను. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఇసక తవ్వారు. అమ్మాయి కాసేపు కారు పక్కనే నిలబడింది. తరవాత చెప్పులు విడిచి వచ్చింది. "అటు కాదు నాన్నా, నువ్వు రోడ్డు నుంచి కుడికి వెళ్ళానన్నావుగా?" అంటూ ఆయన్ని అడ్డుకుంది. ఆయన, అది, వాడు ముగ్గురూ కలిసి వాదించుకున్నారు. ఎవరికీ తెలియని దాని గురించి ముగ్గురూ సమానంగా పోట్లాడుకున్నారు.

పొద్దు గుంకే దాకా వెతికాం. దొరకలేదు. కట్టెలతో పాటు ఏ లారీలోనో వెళ్ళిపోయి ఉంటుంది. తిరిగి వస్తూ అబ్బాయి వాళ్ళక్క భుజం మీద తల ఆన్చి, "అదీ పెట్టె అంటే" అన్నాడు. "దానికి అన్ని నక్షత్రాలూ ఇచ్చెయ్యొచ్చు." అమ్మాయి వాడి తల జారిపోకుండా నరసాపురం దాటేవరకూ భుజం కదపలేదు.

మా ఇంట్లో అందరం నిజంగా సంతోషపడిన ఆఖరి ఆట అదే. దొరకని పెట్టె ఇంకోటి పెట్టాలంటే ఎలా పెడతాం? ఆయన ఒకటి రెండుసార్లు ప్రయత్నించారు. తనకి గుర్తు లేనట్టు నటించారు. వాడు మొహం చూసి కనిపెట్టేశాడు.

తరవాత చేతుల వంతు వచ్చింది. పన్నెండో ఏట మిషను ఒళ్ళో ఉన్నా బొత్తాలు నొక్కలేకపోయాడు. పద్నాలుగో ఏట గ్లాసు నోటిదాకా తెచ్చుకోలేకపోయాడు. వెన్ను ఒక పక్కకి వంగిపోయింది. చిక్కులు మాత్రం ఆపనివ్వలేదు. ఆయన చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని వినేవాడు. కొన్నిసార్లు నిద్రపోయాడనుకుని నేను దుప్పటి సర్దబోతే, "ఆలోచిస్తున్నానమ్మా" అనేవాడు.

పదిహేనో ఏట వానాకాలంలో జలుబు చేసింది. మామూలు జలుబే. దగ్గి కఫం బయటికి తెచ్చే బలం వాడికి లేదు. కాకినాడ ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాడు. అమ్మాయి అప్పటికి ఆ ఊళ్ళోనే ఇంజనీరింగులో చేరింది. కాలేజీ అవగానే ఆటోలో వచ్చి వాడి పక్కన కూర్చునేది. ఒక మధ్యాహ్నం, వార్డులో అందరూ భోజనాల్లో ఉండగా, వాడు వెళ్ళిపోయాడు. నేను అప్పుడు వాడి పాదాలకి నూనె రాస్తున్నాను. నర్సమ్మగారు వచ్చి నా చెయ్యి పట్టుకునే దాకా రాస్తూనే ఉన్నాను.

అమ్మాయి వెల్లూరులో చెప్పిన ఆ పరీక్ష ఎప్పుడు చేయించుకుందో, అసలు చేయించుకుందో లేదో మాకు చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపిస్తుంది.

ఆయన వెబ్‌సైటు జోలికి పోవడం మానేశారు. పెట్టెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. సంవత్సరం గడిచాక ఒక ఈమెయిలు వచ్చింది. అప్పటికి ఇంట్లో కంప్యూటరుంది. విశాఖపట్నం నుంచి ఎవరో భార్యాభర్తలు. ఇద్దరు పిల్లల్ని తీసుకుని రాజమండ్రి వస్తున్నారట. కడియం దారిలో మీ పెట్టె ఉందని చూశాం, మా చిన్నదానికి ఐదేళ్ళు, దానికి దొరుకుతుందాండీ, మరీ కష్టమా అని అడిగారు.

ఆయన నన్ను పిలిచి చూపించారు. "ఏం రాయమంటావు?"

నేను ఆ నాలుగు వరసలూ రెండుసార్లు చదివాను. "అసలు ఉందో లేదో చూసి రాద్దాం" అన్నాను.

మరుసటి ఆదివారం స్కూటరు మీద వెళ్ళాం. ఆ దారి పక్క కాలవ అంచున పని జరుగుతోంది. పొక్లెయినుతో గట్టు తవ్వి సిమెంటు పలకలు పరుస్తున్నారు. పెట్టె పెట్టిన చోట కొత్త మట్టి పోసి ఉంది. ఆయన కాసేపు అక్కడ నిలబడ్డారు. వెతకలేదు. పెట్టె ఇప్పుడు లేదు, రావద్దు, క్షమించండి అని ఇంటికి వెళ్ళి రాస్తానన్నారు.

"మళ్ళీ ఒకటి పెట్టొచ్చుగా, పాపం పిల్లలొస్తున్నారు" అన్నాను.

"ఎందుకులే" అన్నారు.

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద టీ కొట్టు ఉంటే ఆగాం. టీలు తీసుకుని నిలబడ్డాం. వాన జల్లు గ్లాసులో పడుతోంది. ఆయన తాగకుండా రోడ్డు వైపే చూస్తున్నారు.

"ఆ ఐదేళ్ళ చిన్నది ఇంత ఉంటుంది కదా?" అన్నారు, గాల్లో అరచెయ్యి పట్టి ఎత్తు చూపిస్తూ.

నేను ఆ చేతిని కొంచెం కిందికి దించాను. "ఇంత" అన్నాను.

ఆయన తలూపారు. చెయ్యి అక్కడే కాసేపు ఉంచి, తరవాత తీసేసి టీ తాగారు. వాన తగ్గే సూచన లేకపోతే తడుస్తూనే బయల్దేరాం.